కాన్పు తర్వాత రక్తపు గడ్డలు: నర్సులకు ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ప్రసూతి వార్డులో నర్సుల శిక్షణ చూస్తున్నారు. కాన్పు తర్వాత కాళ్ళ సిరల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టకుండా ఏం చేయాలో సిస్టర్లకు నేర్పమని మీకు చెప్పారు. గంటసేపు క్లాసు, స్లైడ్లు, చివర్లో చిన్న పరీక్ష అనుకుంటున్నారు. అది సరిపోతుందా, మామూలు కాన్పు అయినవాళ్ళ విషయంలో కూడా ఇంత పట్టించుకోవాలా, శిక్షణ పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగారు.

సూటిగా చెప్తాను: గంట క్లాసు సరిపోదు. క్లాసు పెట్టండి, కానీ అరగంటకు కుదించండి. మిగతా సమయమంతా వార్డులో, మంచం పక్కన పెట్టండి. నర్సులకు నాలుగు పనులు చేతికి అలవాటు కావాలి. కాన్పు కాగానే రిస్కు మళ్ళీ లెక్కకట్టడం. రక్తం గడ్డకట్టకుండా డాక్టరు రాసిన ఇంజెక్షన్ ఒక్క డోసు కూడా ఊరికే తప్పిపోకుండా చూడడం. దుప్పటి తీసి రెండు కాళ్ళూ చూడడం. ఇంటికి పంపేముందు జాగ్రత్తలు బాలింత నోటితోనే చెప్పించుకోవడం. మామూలు కాన్పు అయినవాళ్ళకీ ఇవన్నీ వర్తిస్తాయి. ఎందుకో కింద చెప్తాను.

నేను ప్రసూతి వార్డులో పనిచేస్తూ కొత్త సిస్టర్లకు ఈ శిక్షణ ఇస్తూ వచ్చినదాన్ని. నాకు కనిపించింది ఏమిటంటే, నర్సులకు డీవీటీ (కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టడం) అంటే ఏమిటో తెలుసు. లక్షణాలు అడిగితే గడగడా చెప్తారు. పరీక్ష పెడితే మంచి మార్కులే వస్తాయి. కానీ రాత్రి రెండు గంటలకు, వార్డులో ఇద్దరే ఉన్నప్పుడు, "సిస్టర్, నాకు ఈ కాలు బరువుగా ఉంది" అని ఒక బాలింత అంటే ఏం చేయాలన్నది వేరే సంగతి. "కాన్పు తర్వాత కాళ్ళు వాయడం మామూలేనమ్మా" అనే మాట అలవాటుగా నోటికి వచ్చేస్తుంది. మీరు మార్చాల్సింది ఆ క్షణాన్ని.

క్లాసులో చెప్పాల్సిన కారణాలు

అరగంటలో కారణం మాత్రం బాగా చెప్పండి. కారణం తెలిసిన సిస్టర్ డ్యూటీ ఎంత బిజీగా ఉన్నా ఈ పని వదలదు.

రక్తం గడ్డకట్టడానికి మూడు కారణాలు చెప్తారు: రక్తం నెమ్మదిగా పారడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం, రక్తనాళం గోడ దెబ్బతినడం. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో పేరుతో దీన్ని నర్సింగ్ చదువులో అందరం చదివాం. బాలింతలో ఈ మూడూ ఒకేసారి ఉంటాయి. కాన్పులో రక్తస్రావం ప్రాణాల మీదకు రాకుండా గర్భిణి శరీరం ముందుగానే సిద్ధమవుతుంది. రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్, ఫ్యాక్టర్ 8 లాంటివి పెరుగుతాయి. గడ్డకట్టడాన్ని అదుపులో పెట్టే ప్రోటీన్ ఎస్ తగ్గుతుంది. ఏర్పడిన గడ్డ కరిగే వేగం కూడా తగ్గుతుంది. దీనికి తోడు పెరిగిన గర్భసంచి పొత్తికడుపులోని పెద్ద సిరల మీద ఒత్తిడి పెట్టి, కాళ్ళ నుంచి పైకి వెళ్ళే రక్తాన్ని నెమ్మదింపజేస్తుంది. ఇక కాన్పులో, ముఖ్యంగా సిజేరియన్‌లో, కటిభాగంలోని రక్తనాళాలకు దెబ్బ తగులుతుంది.

ఎడమకాలి సంగతి ప్రత్యేకంగా చెప్పండి. కుడికాలికి వెళ్ళే పెద్ద ధమని, ఎడమకాలి నుంచి వచ్చే పెద్ద సిర మీదుగా దాటుతుంది. గర్భిణిలో ఆ చోట నొక్కుడు ఇంకా ఎక్కువ. అందుకే గర్భిణుల్లో వచ్చే డీవీటీల్లో అత్యధిక భాగం ఎడమకాలిలోనే ఉంటాయి. బోర్డు మీద రెండు గీతలు గీసి ఇది చూపిస్తే చాలు, ఆ తర్వాత ఏ సిస్టరూ ఎడమకాలి నొప్పిని తేలిగ్గా తీసుకోదు.

చాలామందికి తెలియని ఇంకో విషయం, ప్రమాదం ఎప్పుడు ఎక్కువ అన్నది. బిడ్డ బయటికి వచ్చాక గండం గడిచిందనుకుంటారు. రోజుల లెక్కన చూస్తే గర్భంతో ఉన్నప్పటికంటే కాన్పు తర్వాతి వారాల్లోనే గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. మొదటి రెండు మూడు వారాలు మరీ ఎక్కువ. ఆరు వారాలకు బాగా తగ్గుతుంది, కానీ అక్కడితో పూర్తిగా పోదు. కొద్దిపాటి ప్రమాదం 12 వారాల వరకూ ఉంటుందని పెద్ద పరిశోధనల్లో తేలింది. అంటే ఆమె ఆసుపత్రిలో ఉండేది రెండు మూడు రోజులు, ప్రమాదం ఉండేది వారాల తరబడి. డిశ్చార్జి సమయంలో చెప్పే మాటలకు అంత విలువ ఎందుకో సిస్టర్లకు ఇక్కడే అర్థమవుతుంది.

మొత్తమ్మీద వెయ్యి గర్భాలకు ఒకటి రెండు కేసులు. తక్కువే అనిపిస్తుంది. అందుకే ఒక నర్సు నెలల తరబడి ఒక్క కేసూ చూడకపోవచ్చు, చూడనిదాని మీద శ్రద్ధ నిలవదు. అలాంటప్పుడు బ్రిటన్ లెక్క చెప్పండి. అక్కడ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2004లో ఈ నివారణకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2003–05 మధ్య గర్భిణులు, బాలింతల్లో రక్తపు గడ్డల వల్ల 41 మంది చనిపోగా, 2006–08లో ఆ సంఖ్య 18కి తగ్గింది. తర్వాతి ఏళ్ళలో అది అలాగే తగ్గుతూ పోలేదు. ఇప్పటికీ అక్కడ తల్లుల మరణాలకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. అప్పట్లో సంఖ్య తగ్గడానికి కొత్త మందేమీ కనిపెట్టలేదు, ఎవరికి ప్రమాదం ఉందో ముందే గుర్తించి ఉన్న మందునే సమయానికి ఇచ్చారు. అందుకే శ్రద్ధ సడలనివ్వకూడదు.

రిస్కు లెక్క: కాన్పు కాగానే మళ్ళీ వేయాలి

చాలా వార్డుల్లో అడ్మిషన్ రోజున ఫారం నింపుతారు, తర్వాత దాన్ని ఎవరూ తిప్పి చూడరు. కానీ లెక్క మారేది కాన్పు గదిలోనే. పొద్దున రిస్కు లేని మనిషి సాయంత్రానికి, నొప్పులు మొదలయ్యాక సిజేరియన్ అయి, లీటరుకు పైగా రక్తం పోయి, రక్తం ఎక్కించుకుని వార్డుకు రావచ్చు. ఫారంలో మాత్రం పొద్దుటి అంకే ఉంటుంది.

బ్రిటన్ పద్ధతిలో ఒక్కో ప్రమాద కారణానికి పాయింట్లు ఇలా ఉంటాయి. నొప్పులు మొదలయ్యాక చేసిన సిజేరియన్‌కు 2, ముందే నిర్ణయించి చేసినదానికి 1. వయసు 35 దాటితే 1. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 30 నుంచి 39 వరకు 1, 40 ఆపైన అయితే 2. లీటరు మించి రక్తం పోయినా, రక్తం ఎక్కించినా 1. ప్రీఎక్లాంప్సియా (గర్భంతో వచ్చే బీపీ జబ్బు) 1, కవలలు 1, నొప్పులు 24 గంటలు దాటితే 1, నెలలు నిండకముందే కాన్పయితే 1, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే 1, కదలలేని స్థితిలో ఉన్నా ఒంట్లో నీరు తగ్గినా 1. గతంలో రక్తపు గడ్డ వచ్చి ఉంటే సాధారణంగా 4. కాన్పు తర్వాత మొత్తం 2 లేదా అంతకంటే ఎక్కువైతే కనీసం 10 రోజులు హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఇంజెక్షన్ గురించి ఆలోచించాలి. గతంలో గడ్డ వచ్చినవాళ్ళ లాంటి ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ళకు 6 వారాలు. ఇది పూర్తి పట్టిక కాదు, శిక్షణలో మాత్రం పూర్తి పట్టిక చేతికివ్వండి.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. 36 ఏళ్ళ ఆమె, బీఎంఐ 31, ఇబ్బందేమీ లేకుండా మామూలు కాన్పు. ఈమె పాయింట్లు ఎన్ని? రెండు. సిజేరియన్ లేదు, కుట్లు లేవు, రేపు ఇంటికి వెళ్తానంటోంది. ఈ పట్టిక ప్రకారం ఆమె గురించి డాక్టరుకు చెప్పి తీరాలి. ఈ ఉదాహరణ ఇచ్చినప్పుడు క్లాసులో సగం మంది మొదట "అవసరం లేదు" అంటారు. లెక్క వేయించాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇలాంటి కాగితం కేసులు కొన్ని తయారుచేసి ఇద్దరిద్దరి చేత లెక్క కట్టించండి. ఒకే కేసుకు వేర్వేరు అంకెలు వస్తే ఎందుకు వచ్చాయో అక్కడే చర్చ పెట్టండి. స్లైడ్లతో రాని పట్టు దీనితో వస్తుంది.

ఒక జాగ్రత్త. అన్ని దేశాల మార్గదర్శకాలూ ఒకేలా లేవు. అమెరికా ప్రసూతి వైద్యుల సంస్థ ఇంజెక్షన్ విషయంలో బ్రిటన్ కంటే ఆచితూచి వెళ్తుంది. సిజేరియన్‌కు ముందే కాళ్ళకు గాలితో నొక్కే పరికరం తొడిగి, ఆమె లేచి నడిచేదాకా ఉంచమంటుంది. కాబట్టి మీ డాక్టర్లతో, మత్తు డాక్టర్లతో కూర్చుని మీ ఆసుపత్రికి ఒకే పట్టిక ఖాయం చేసుకున్నాకే శిక్షణ మొదలుపెట్టండి. నర్సులకు ఒకటి నేర్పి, డాక్టర్లు మరొకటి పాటిస్తే నెలలోపు రెండూ ఆగిపోతాయి.

తప్పిపోయే డోసులు

శిక్షణలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. మందు రాయడం డాక్టరు పని, కానీ ఆ మందు బాలింత ఒంట్లోకి చేరడం నర్సు చేతిలో ఉంది. డోసులు ఎలా తప్పుతాయో నేను చూసినవి చెప్తాను.

ఒకటి, "కుట్ల దగ్గర కాస్త రక్తం ఊరుతోంది, ఈ రాత్రికి ఆపండి" అని డాక్టరు చెప్తారు. అది సరైన నిర్ణయమే. కానీ మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో కేస్ షీట్‌లో ఉండదు. రాత్రి సిస్టర్ పొద్దుటి సిస్టర్‌కు "ఆపమన్నారు" అని చెప్తుంది, ఆమె మధ్యాహ్నం సిస్టర్‌కు అదే మాట చెప్తుంది. ఇలా రెండు రోజులు గడిచిపోవడం నేను చూశాను. అడిగే అలవాటు నేర్పండి: "ఆపమన్నారు సరే డాక్టర్, మళ్ళీ ఎప్పుడు చూడాలి?" ఆ సమయం రాయించుకోకుండా ఫోన్ పెట్టేయకూడదు.

రెండోది, బాలింత వద్దనడం. పొట్ట మీద సూది అంటే భయం, లేదా "నేను నడుస్తున్నాను కదా, ఎందుకు" అంటుంది. చార్టులో "నిరాకరించారు" అని రాసేసి వెళ్ళిపోతారు. ఎందుకు వద్దంటోందో అడిగే వాళ్ళు తక్కువ. చాలాసార్లు అసలు ప్రశ్న "పాల ద్వారా బిడ్డకు వెళ్తుందా?" అన్నదే. హెపారిన్ రకం ఇంజెక్షన్లు తీసుకుంటూ నిరభ్యంతరంగా పాలివ్వవచ్చు. ఆ ఒక్క మాట నెమ్మదిగా చెప్తే చాలామంది ఒప్పుకుంటారు. అప్పటికీ వద్దంటే ఆ సంగతి డాక్టరుకు వెంటనే చేరాలి.

మూడోది, నర్సే మనసులో తీసుకునే నిర్ణయం. "బాగానే తిరుగుతోంది, ఈ డోసు ఇవ్వకపోయినా ఏమీ కాదు." లేదా ఆమె స్నానానికి వెళ్ళింది, బిడ్డను చూడ్డానికి వేరే వార్డుకు వెళ్ళింది. నెలలు నిండని బిడ్డ ఇంటెన్సివ్ కేర్‌లో ఉంటే తల్లి మంచం దగ్గర దొరకదు. పాయింట్లు ఎక్కువ ఉండేది కూడా తరచూ ఆ తల్లికే. అలాంటివాళ్ళకు డోసు సమయం బిడ్డ వార్డు సిస్టర్‌కు కూడా తెలిసి ఉండాలి.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో నర్సులకు ఈ విషయం మీదే కంప్యూటర్ పాఠాలు ఇచ్చి చూశారు. శిక్షణ తర్వాత తప్పిపోయే డోసులు తగ్గాయి. అది ప్రసూతి వార్డుకే పరిమితమైన అధ్యయనం కాదు, అయినా నర్సు శిక్షణ అన్నది నేరుగా డోసు మీద పనిచేస్తుందని చెప్పడానికి పనికొస్తుంది.

ఇంజెక్షన్ వేసే తీరు

ఇది తెలిసిన పనే కదా అని వదలకండి. ప్రతి ఒక్కరి చేతా మీ ముందు వేయించి చూడండి. నింపి వచ్చే సిరంజిలో చిన్న గాలిబుడగ ఉంటుంది. దాన్ని బయటికి నొక్కేయడం చాలామందికి చేతి అలవాటు. మొత్తం డోసు ఇచ్చేటప్పుడు ఆ బుడగను తీయకూడదు, తీస్తే దాంతోపాటు మందు కూడా కారిపోతుంది. పొట్ట పక్క భాగంలో, బొడ్డుకు కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో, చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య మడతగా పట్టుకుని సూదిని నిలువుగా పూర్తిగా దింపాలి. పిస్టన్ వెనక్కి లాగి చూడక్కర్లేదు. మందు మొత్తం వెళ్ళి సూది బయటికి వచ్చేదాకా మడత వదలకూడదు. తర్వాత రుద్దకూడదు. రుద్దితే నల్లగా కమిలిపోతుంది, ఆ మచ్చ చూసి మర్నాడు బాలింత "ఇక వద్దు" అంటుంది. డోసు తప్పిపోవడానికి అది కూడా దారే. సిజేరియన్ కుట్లకు దూరంగా, రోజుకో పక్కన మార్చి వేయాలి. పొట్ట మీద చోటు లేకపోతే తొడ బయటి భాగం.

డోసు బరువును బట్టి ఉంటుందని నర్సుకు తెలియాలి. బ్రిటన్ పట్టికలో ఎనాక్సాపారిన్ అనే హెపారిన్ రకం మందు నివారణ డోసు రోజుకు 50 కిలోల లోపు వాళ్ళకు 20 మిల్లీగ్రాములు, 50 నుంచి 90 కిలోలకు 40, 91 నుంచి 130కి 60. అందరికీ 40 అనేది అలవాటుగా పడిపోయింది. 110 కిలోల ఆమెకు 40 రాసి ఉంటే "డాక్టర్, బరువు ఒకసారి చూస్తారా" అని అడగగలిగేలా నర్సును తయారుచేయండి. గర్భం మొదట్లో రాసిన బరువు గానీ, ఈమధ్య చూసిన బరువు గానీ తీసుకోవచ్చు.

వెన్నులో మత్తు ఇచ్చినవాళ్ళు, ఇవ్వకూడనివాళ్ళు

ఈ భాగం మత్తు డాక్టరు చేత చెప్పించండి. సారాంశం ఇది. ఎపిడ్యూరల్ గొట్టం (వెన్నులోకి మత్తు మందు పంపే సన్నని గొట్టం) తీశాక నివారణ డోసుకు కనీసం 4 గంటలు ఆగాలి. గొట్టం ఇంకా ఉండగా ఇంజెక్షన్ ఇచ్చేసి ఉంటే, ఆ డోసు తర్వాత 12 గంటలు గడిచేదాకా గొట్టం తీయకూడదు. వెన్నులో సూది పెట్టాక మొదటి డోసుకు ఎంత ఆగాలన్నది పద్ధతిని బట్టి మారుతుంది, సూది పెట్టేటప్పుడు రక్తం వచ్చి ఉంటే ఇంకా ఆలస్యం చేస్తారు. కాబట్టి మొదటి డోసు సమయం మత్తు డాక్టరు స్పష్టంగా గంట, నిమిషంతో రాయాలి. ఇంజెక్షన్ మొదలయ్యాక కాళ్ళలో కొత్తగా బలహీనత, తిమ్మిరి, వెన్నులో గట్టి నొప్పి, మూత్రం ఆగిపోవడం కనిపిస్తే వెన్నులో రక్తం చేరిందేమోనని వెంటనే కబురు చేయాలి. మత్తు దిగాక మళ్ళీ కాళ్ళు బరువెక్కడం మామూలు విషయం కాదు.

రక్తస్రావం ఆగనివాళ్ళు, ప్లేట్‌లెట్లు 75 వేల కంటే తక్కువ ఉన్నవాళ్ళు, కిడ్నీ లేదా లివర్ బాగా దెబ్బతిన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళ విషయంలో డాక్టరుతో మాట్లాడకుండా సిరంజి విప్పకూడదు. రక్తస్రావం, గడ్డకట్టడం రెండూ ఒకే మనిషిలో ఒకే రోజు ఉండగలవు. లీటరు రక్తం పోయిన ఆమెకు ఈ పూట హెపారిన్ ప్రమాదం, రేపటికి హెపారిన్ లేకపోవడం ప్రమాదం. అందుకే ఒక్కసారి నిర్ణయం తీసుకుని వదిలేస్తే కుదరదు.

కాళ్ళు చూడడం

ప్రతి డ్యూటీలో ఒకసారి, దుప్పటి పూర్తిగా తీసి, రెండు కాళ్ళూ పక్కపక్కన చూడాలి. ఒక కాలు మాత్రమే వాచిందా, రంగు మారిందా, వెచ్చగా ఉందా, పిక్కలో గానీ తొడలో గానీ నొక్కితే నొప్పి ఉందా? అనుమానం ఉంటే టేపు తీయాలి. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బెత్తుగా తగిలే చోటు నుంచి 10 సెంటీమీటర్లు కిందకు కొలిచి, పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడ పిక్క చుట్టుకొలత తీసుకోవాలి. రెండు కాళ్ళకూ అదే ఎత్తులో. 2 సెంటీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ తేడా ఉంటే డాక్టరుకు చెప్పాల్సిందే. గుర్తు పెట్టించడం మర్చిపోవద్దు, లేకపోతే రాత్రి సిస్టర్ ఒక ఎత్తులో, పగటి సిస్టర్ మరో ఎత్తులో కొలిచి ఏం లేదనుకుంటారు.

పాదం గట్టిగా పైకి వంచి నొప్పి వస్తుందా అని చూసే పాత పరీక్షను నేను నేర్పడం మానేశాను. అది నమ్మదగింది కాదు, నొప్పి లేకపోతే గడ్డ లేదన్న తప్పుడు ధైర్యం ఇస్తుంది.

పిక్కలో ఏమీ లేకుండా పైన కటిభాగపు సిరలో గడ్డ ఉండటం బాలింతల్లో తరచూ చూస్తాం. అప్పుడు నొప్పి గజ్జలో, పిరుదులో, నడుములో, పొత్తికడుపులో ఉంటుంది. మా వార్డులో సిజేరియన్ అయిన మూడో రోజున ఒకామె ఎడమ తుంటి నొప్పి అంది. ముందు రెండు డ్యూటీల్లో అది కుట్ల నొప్పి అనుకుని నొప్పి మాత్ర ఇచ్చారు. మూడో డ్యూటీలో వచ్చిన కొత్త సిస్టర్, శిక్షణ అయి వారం కూడా కాలేదు, దుప్పటి తీసింది. ఎడమ తొడ మొత్తం బిగుతుగా, కాస్త ఊదారంగులో ఉంది. స్కాన్‌లో గజ్జ పై దాకా గడ్డ. ఆ సిస్టర్ పెద్ద విద్య ఏదీ చేయలేదు, చూసింది, వెంటనే చెప్పింది. ఆ బాలింత నడిచి ఇంటికి వెళ్ళింది.

అనుమానం ఉన్న కాలును మర్దన చేయవద్దని వార్డులో ఉన్న సహాయకులకూ, ఇంటివాళ్ళకూ చెప్పాలి. అనుమానం బలంగా ఉంటే స్కాన్ రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా, అడ్డంకులేవీ లేకపోతే చికిత్స డోసు మొదలుపెట్టే పద్ధతి ఉంది. కాబట్టి "స్కాన్ రేపు ఉంది" అన్నప్పుడు "ఈ రాత్రికి ఇంజెక్షన్ సంగతేంటి డాక్టర్" అని అడగడం నర్సుకు నేర్పాలి.

ఊపిరి, తల

వయసులో ఉన్న ఆడవాళ్ళ శరీరం చాలాసేపు తట్టుకుంటుంది, తర్వాత ఒక్కసారిగా కుప్పకూలుతుంది. అందుకే మొదటి సూచన తరచూ నాడి వేగమే. కారణం తెలియకుండా నాడి 110, 120 దగ్గర నిలబడిపోతే రక్తహీనత అనో టెన్షన్ అనో సరిపెట్టుకోకూడదు. శ్వాస వేగం పూర్తి నిమిషం లెక్కపెట్టించండి. చార్టుల్లో అందరికీ ఒకే అంకె వరసగా కనిపిస్తే అది లెక్కపెట్టిన అంకె కాదని మీకూ తెలుసు. ఆయాసం, ఊపిరి తీస్తే గుచ్చినట్టు ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం. ఇవి కనిపిస్తే ఆమెను వదిలి వెళ్ళకూడదు. కేకేసి సాయం పిలవాలి, ఆనించి కూర్చోబెట్టాలి, ఆక్సిజన్ పెట్టాలి, సిరలో సూది సిద్ధం చేయాలి, డాక్టరుకు అంకెలతో సహా చెప్పాలి. స్కాన్‌కు నడిపించి తీసుకెళ్ళకూడదు. దీన్ని ఖాళీ మంచం మీద, ఒక సిస్టర్‌ను బాలింతగా పడుకోబెట్టి డ్రిల్లుగా చేయించండి. నైట్ డ్యూటీ వాళ్ళతో, రాత్రి ఉండే మనుషుల సంఖ్యతోనే ఒకసారి చేయించండి.

తల విషయం శిక్షణల్లో దాదాపు ఎవరూ చెప్పరు. మెదడు సిరల్లో కూడా గడ్డకడుతుంది. వెన్నులో మత్తు ఇచ్చాక వచ్చే తలనొప్పి సాధారణంగా లేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. పడుకున్నా తగ్గని తలనొప్పి, రోజురోజుకూ పెరిగేది, చూపు మసకబారడం, వాంతులు, ఒక పక్క బలహీనత, ఫిట్స్ ఉంటే అది వేరే సంగతి కావచ్చు. ఫిట్స్ రాగానే అందరి ఆలోచనా ఎక్లాంప్సియా (గర్భంతో వచ్చే బీపీ జబ్బు ముదిరి ఫిట్స్ రావడం) మీదకే వెళ్తుంది, వెళ్ళాలి కూడా, కానీ అక్కడే ఆగిపోకూడదు.

నడిపించడం, స్టాకింగ్స్

వీటి గురించి క్లుప్తంగా చెప్పినా చాలు. మత్తు దిగాక వీలైనంత త్వరగా లేపి నడిపించడం, మంచం మీద ఉన్నంతసేపు పాదాలు పైకీ కిందకీ ఆడించడం, నీళ్ళు సరిపడా తాగించడం అందరికీ. స్టాకింగ్స్ (కాళ్ళను బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్ళు) కాలు కొలిచి ఇవ్వాలి. పైభాగం మడతపడి తొడను తాడులా బిగిస్తే మేలు కంటే కీడే ఎక్కువ. రోజూ విప్పి చర్మం చూడాలి. ఇంజెక్షన్ అవసరమైన మనిషికి స్టాకింగ్స్ తొడిగి ఊరుకోవడం మాత్రం వద్దు.

ఇంటికి పంపే రోజు

డిశ్చార్జి కాగితం చదివి వినిపించడం బోధన కాదు. పక్కన కూర్చుని "ఇంటికి వెళ్ళాక ఏం కనిపిస్తే వెంటనే వస్తారో మీరు చెప్పండి" అని అడగాలి. ఆమె చెప్పలేకపోతే మనం సరిగా చెప్పలేదన్నమాట, మళ్ళీ చెప్పాలి. ఇంజెక్షన్ కొనసాగాల్సి ఉంటే ఆమె చేత గానీ ఇంట్లో వేసే మనిషి చేత గానీ ఒక డోసు మన కళ్ళ ముందు వేయించాలి. వాడిన సూదులు దేనిలో వేయాలి, ఒక రోజు మర్చిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, చివరి డోసు ఏ తేదీ అన్నది రాసి ఇవ్వాలి. "10 రోజులు" అని చెప్తే ఏ రోజు నుంచో తెలియక గందరగోళపడతారు, తేదీ చెప్పండి. ఇంకో మాట కూడా చెప్పించండి: వచ్చే నెలల్లో ఏ కారణంగా ఏ ఆసుపత్రికి వెళ్ళినా "నాకు ఈమధ్యే కాన్పయింది" అని ముందుగా చెప్పాలి. ఆయాసంతో వచ్చిన ఆమెకు కాన్పయిందని తెలియక కారణం వేరేచోట వెతికే ప్రమాదం ఉంది. గర్భనిరోధక మాత్రల గురించి అడిగితే, ఈస్ట్రోజెన్ ఉన్నవి ఈ వారాల్లో సొంతంగా మొదలుపెట్టవద్దని, డాక్టరును అడిగాకే వాడాలని చెప్పాలి.

పనిచేసిందో లేదో

పరీక్ష మార్కులు చూడకండి, కేస్ షీట్లు చూడండి. శిక్షణకు ముందు నెలలో ఒక పది, తర్వాత ప్రతి నెలా పది తీయండి. కాన్పు తర్వాత రిస్కు మళ్ళీ రాశారా? మొదటి డోసు చెప్పిన గంటకు పడిందా? తప్పిన ప్రతి డోసుకూ కారణం ఉందా, డాక్టరుకు చెప్పినట్టు ఉందా? కాళ్ళు చూసినట్టు ప్రతి డ్యూటీలో నమోదైందా? డిశ్చార్జి అయ్యేవాళ్ళలో కొందరిని గుమ్మం దగ్గర ఆపి రెండు ప్రమాద సూచనలు చెప్పమని అడగండి. ఈ అంకెలు వార్డు బోర్డు మీద పెట్టండి, పేర్లు లేకుండా.

అంకెలు కదలకపోతే సిస్టర్లకు మళ్ళీ క్లాసు పెట్టే ముందు వార్డు చూడండి. టేపు ఎక్కడుంది, తాళం వేసిన అల్మారాలోనా? రాత్రిపూట సిరంజిలు అయిపోతే ఎవరు తెస్తారు? బరువు చూసే యంత్రం ఆ అంతస్తులో ఉందా? డోసు సమయం సరిగ్గా డ్యూటీ మారే గంటకు పెట్టారా? మా దగ్గర డోసు సమయాన్ని డ్యూటీ మార్పుకు రెండు గంటల ముందుకు జరిపాక వచ్చిన తేడా అన్ని స్లైడ్ల కంటే ఎక్కువ. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలోనే, పాతవాళ్ళకు ఆరు నెలలకోసారి అరగంట చాలు. మీరు కాగితం కేసులు తయారుచేసుకున్నాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.